సీసా మీద పేరొకరిది, ట్యాంకు ఇంకొకరిది

తమ్ముడూ, మీరు అడిగినవి మూడు. మొదటిది షాపు గొడవ. ఒకే బ్రాండు బీరు ఒక లోడు ఒక బ్రూవరీ అడ్రసుతో, తర్వాతి లోడు ఇంకో బ్రూవరీ అడ్రసుతో వస్తోంది, గుంటూరులో మీ కౌంటర్ దగ్గర కస్టమర్లు "డూప్లికేట్ అంటగడతావా" అని కేకలేస్తున్నారు. రెండోది, కంపెనీ చేతులు మారితే బీరు రుచి మారుతుందా అని. మూడోది మీరూ, బెజవాడలో మీ ఇద్దరు స్నేహితులూ కలిసి పెట్టాలనుకుంటున్న సొంత బ్రాండు సంగతి. సొంత బ్రూవరీ లేదు, వేరేవాళ్ల బ్రూవరీలో కాంట్రాక్టు మీద చేయించుకుంటారు, ఒక బ్రూవరీ సరే అంది, కానీ ఆ బ్రూవరీయే అమ్మకానికి ఉందని బయట టాక్. దిగాలా వద్దా అన్నది మీ టెన్షన్. మొదటి రెండూ తేలితే మూడోదానికి జవాబు సగం దొరికినట్టే కాబట్టి వరసలోనే చెబుతాను.

నా సంగతి రెండు ముక్కల్లో. గుంటూరులో బీఎస్సీ కెమిస్ట్రీ చదివి, సంగారెడ్డి వైపు ఒక బ్రూవరీ ల్యాబ్‌లో చేరాను. ఇరవై తొమ్మిదేళ్ల తర్వాత అక్కడే షిఫ్ట్ బ్రూవర్‌గా రిటైరయ్యాను. ఇప్పుడు బ్రాడీపేటలో ఉంటున్నాను. ఆ ఇరవై తొమ్మిదేళ్లలో మా ప్లాంటుకు యజమానులు మూడుసార్లు మారారు. నా టేబులు మారలేదు, మెడలో ఐడీ కార్డు తాడు రంగు మారింది.

ముందు మీ కౌంటర్ సంగతి. మద్యం రాష్ట్రాల సబ్జెక్టు. ఒక రాష్ట్రంలో తయారైన బీరు ఇంకో రాష్ట్రంలో అమ్మాలంటే పర్మిట్లు, ఇంపోర్ట్ ఫీజులు, లేబుల్ రిజిస్ట్రేషన్లు అన్నీ వేరు. పైగా బీరు అంటే చాలావరకు నీళ్లు, వాటి చుట్టూ గాజు. లారీలో వందల కిలోమీటర్లు మోస్తే లాభం డీజిల్‌కే పోతుంది. అందుకే ప్రతి కంపెనీ ఏ రాష్ట్రంలో అమ్ముతుందో ఆ రాష్ట్రంలోనే చేయించాలని చూస్తుంది. సొంత ప్లాంటు ఉంటే సరే. లేకపోతే ఉన్నవాడి ట్యాంకులు అద్దెకు తీసుకుంటుంది. దీన్నే కాంట్రాక్ట్ బ్రూయింగ్ అంటారు, మన దగ్గర లైనులో వాళ్లు 'టై-అప్' అంటారు. మన విషయంలో ఇంకో చిక్కు ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో బ్రూవరీలు ఎక్కువగా సంగారెడ్డి చుట్టుపక్కలే పెట్టారు. 2014 జూన్ 2 తెల్లారేసరికి అవన్నీ పక్క రాష్ట్రంలో ఉన్నాయి. ఇటువైపు శ్రీకాకుళం జిల్లా రణస్థలం దగ్గర యునైటెడ్ బ్రూవరీస్ (కింగ్‌ఫిషర్ బీరు కంపెనీ) ప్లాంటు లాంటివి కొన్నే మిగిలాయి. అందుకని బీరు ఎక్కడ ట్యాంకు ఖాళీ ఉంటే అక్కడ తయారవుతుంది, వెనక లేబుల్ మీద అడ్రసు మారుతుంది. అది డూప్లికేట్ కాదు. ఎక్కడ చేశారో దాచకుండా అచ్చేశారన్నమాట.

ఇది మనకే ప్రత్యేకం కూడా కాదు. లండన్ ఇండియన్ రెస్టారెంట్లలో తెల్లవాళ్లు 'ఇండియా బీరు' అని ముచ్చటపడి తాగే కింగ్‌ఫిషర్‌ను చాలా ఏళ్లపాటు ఇంగ్లండ్‌లోనే, కెంట్ కౌంటీలో షెపర్డ్ నీమ్ అనే పాత బ్రూవరీ తయారుచేసేది. సీసా మీద పక్షి మనదే. నీళ్లు వాళ్లవి.

మరి రుచి తేడా? ఉంటుంది, కానీ కస్టమర్ చెప్పేంత ఉండదు. పెద్ద ప్లాంట్లలో ఊరి నీళ్లను ఊరి నీళ్లలా వాడరు. ఆర్వోలో వేసి ఉప్పులన్నీ తీసేసి, రెసిపీలో రాసినంత మళ్లీ కలుపుతారు. మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) స్పెక్ ఒకటే, హాప్స్ (చేదిచ్చే పూలు) ఒకటే, ఈస్ట్ (పులియబెట్టే జీవి) ఒకటే. అసలు తేడా వచ్చేది మీ గోడౌన్‌లో. మే నెలలో గుంటూరు రేకుల షెడ్డు కింద పేర్చిన కేసు సంగతి ఆలోచించండి. పాశ్చరైజ్ చేసిన బీరు చెడిపోదు, కానీ వేడికి త్వరగా ముసలిదవుతుంది. తడిసిన అట్టపెట్టె వాసన, కాస్త తియ్యటి జిడ్డు రుచి వస్తాయి. అదే బ్రాండు, నిరుడు చేసినది ఒకటి, పోయిన నెల చేసినది ఒకటి పక్కపక్కన పెడితే చిన్నపిల్లాడైనా తేడా పట్టేస్తాడు (పిల్లాడికి ఇవ్వకండి, మాట వరసకన్నాను). కాబట్టి ఫిర్యాదు వచ్చినప్పుడు బ్రూవరీ అడ్రసు కంటే ముందు తయారీ నెల చూడండి. పాత నెల ముందు అమ్మండి. "కూలింగ్ ఉందా" అని అడిగేవాడికి ఫ్రిజ్ చల్లదనమే తెలుసు, ఆ సీసా అంతకుముందు ఎన్ని నెలలు ఉడికిందో తెలియదు.

మా బావమరిది ఇలాగే వాదించేవాడు, సంగారెడ్డి సరుకే సరుకు, ఇటువైపుది తేలిపోతుంది అని. ఒకరోజు రెండు బ్రూవరీల సీసాలు, ఒకే నెలవి, ఒకే ఫ్రిజ్‌లో రాత్రంతా పెట్టాను. మూడు గ్లాసులు. రెండింటిలో ఒకటే బీరు, మూడోదానిలో రెండోది. వేరేది ఏదో చెప్పమన్నాను. ల్యాబ్‌లో దీన్ని ట్రయాంగిల్ టెస్ట్ అంటాం. గ్లాసులు అటూ ఇటూ మార్చి మూడుసార్లు పెట్టాను, మూడుసార్లూ తప్పే చెప్పాడు. నాలుగోసారి తాగడానికే అడిగాడు.

ఇక రెండో ప్రశ్న, చేతులు మారడం. మన వాళ్లు ఏళ్లుగా తాగుతున్న బ్రాండ్ల జాతకాలు చూస్తే నిలకడగా ఒక ఇంట్లో ఉన్నది దాదాపు లేదు. యునైటెడ్ బ్రూవరీస్‌ను 1915లో థామస్ లీష్‌మన్ అనే స్కాట్లండ్ ఆయన దక్షిణాదిలోని ఐదు బ్రూవరీలను కలిపి పెట్టాడు. స్వాతంత్ర్యం వచ్చిన రోజుల్లో విఠల్ మాల్యా చేతికొచ్చింది. 1983లో ఆయన పోయాక కొడుకు విజయ్ మాల్యా చేతికి. తర్వాత ఎడిన్‌బరోలోని స్కాటిష్ అండ్ న్యూకాజిల్ అనే కంపెనీ పెద్ద వాటా తీసుకుంది. 2008లో ఆ కంపెనీనే హైనెకెన్, కార్ల్స్‌బర్గ్ కలిసి కొని ముక్కలు పంచుకున్నాయి. ఇండియా వాటా హైనెకెన్ వంతుకు వచ్చింది. చూడండి తమాషా: యూరప్‌లో రెండు కంపెనీలు మూడో కంపెనీని కోసుకుంటే, బెంగళూరు కంపెనీలో పార్ట్‌నర్ మారిపోయాడు. 2021 జూన్‌లో, అప్పుల రికవరీ ట్రిబ్యునల్ అమ్మకానికి పెట్టిన మాల్యా షేర్లు కూడా కొని హైనెకెన్ తన వాటాను 61.5 శాతానికి తెచ్చుకుంది. కంపెనీ ఇప్పుడు పూర్తిగా వాళ్ల అదుపులో ఉన్నట్టే. ఈ నూరేళ్ల కథలో ఏ ఒక్క రోజూ మీ కస్టమర్ "యజమాని మారాడు, రుచి మారింది" అని సీసా వెనక్కి ఇచ్చి ఉండడు.

నాకౌట్ సంగతి ఇంకా విచిత్రం. మన జిల్లాల్లో ఒకప్పుడు బీరు అంటే నాకౌట్ అన్నంత పేరు. మైసూర్ బ్రూవరీస్ బ్రాండు అది. సాబ్ అనే దక్షిణాఫ్రికా బీరు కంపెనీ దాన్ని కొంది. 2002లో సాబ్ అమెరికా మిల్లర్‌ను కొని సాబ్‌మిల్లర్ అయింది. హేవర్డ్స్ 5000 ఉన్న షా వాలెస్ బీరు వ్యాపారం 2003లో జాయింట్ వెంచర్‌గా, 2005లో పూర్తిగా వాళ్లదే అయింది. 2016లో బడ్వైజర్ వాళ్ల ఏబీ ఇన్‌బెవ్ వచ్చి సాబ్‌మిల్లర్‌నే మింగేసింది, 100 బిలియన్ డాలర్లు దాటిన డీల్. ఒకప్పుడు మన కౌంటర్లలో ఒకదానికొకటి పోటీగా పేర్చిన నాకౌట్, హేవర్డ్స్, ఫోస్టర్స్, బడ్వైజర్, నాలుగూ ఒకే ఇంటి పిల్లలయ్యాయి. ఫోస్టర్స్ అయితే మరీ. అదే పేరు ఆస్ట్రేలియాలో 2020 నుంచి జపాన్ అసాహిది, ఇంగ్లండ్‌లో హైనెకెన్‌ది, ఇండియాలో ఏబీ ఇన్‌బెవ్‌ది. పేరు ఒకటే, కాపురాలు మూడు.

చేతులు మారిన మర్నాడు బీరు మారదు. మాల్ట్ సైలోలో ఉన్నది పాత ఆర్డరు మాల్టే, ట్యాంకుల్లో ఉన్నది పాత బ్రూ. మార్పు ఆర్నెల్లకు, ఏడాదికి, చప్పుడు లేకుండా వస్తుంది. మా ప్లాంటులో మొదటి యజమాని మార్పుకు మాకు కొత్త టోపీలు, కొత్త ఫారాలు వచ్చాయి, అంతే. రెండోసారి కొనుగోళ్లు హెడ్డాఫీసుకు పోయాయి. అంతవరకు మా బ్రూ మాస్టర్ మాల్ట్ గింజ నోట్లో వేసుకుని కొరికి, కటుక్కుమంటే తీసుకునేవాడు, నసనసగా ఉంటే లారీ తిప్పి పంపేవాడు. తర్వాత ఆ హక్కు పోయింది. సర్టిఫికెట్‌లో అంకె కుదిరితే దించుకోవాల్సిందే. మూడోసారి ట్యాంకులో ఉంచే రోజులు తగ్గించారు. రుచి మారిందా అంటే, మారింది. కానీ యజమాని పేరు మారినందుకు కాదు. లారీ తిప్పి పంపే మనిషి లేనందుకు, రెండు రోజులు తగ్గినందుకు.

షేర్లతో పాటు పాత పాపాలు కూడా వస్తాయి, అది మీ ఒప్పందానికి పనికొస్తుంది కాబట్టి చెబుతున్నా. బీరు ధరలు కుమ్మక్కై పెట్టుకున్నారని 2021 సెప్టెంబరులో కాంపిటీషన్ కమిషన్ యునైటెడ్ బ్రూవరీస్‌కు 750 కోట్లకు పైగా, కార్ల్స్‌బర్గ్ ఇండియాకు 120 కోట్లకు పైగా జరిమానా వేసింది. ఏబీ ఇన్‌బెవ్‌కు సున్నా. ఎందుకంటే సాబ్‌మిల్లర్‌ను కొన్నాక లోపలి లెక్కలు చూసుకుని, 2017లో తనే వెళ్లి కమిషన్‌కు చెప్పేసింది. కంపెనీని కొన్నవాడు ముందు చేసే పని బీరువాలన్నీ తెరిచి చూడటం. మీ ఒప్పందం ఆ బీరువాలో ఏ మూల, ఏ భాషలో ఉందన్నది ఆ రోజు తేలుతుంది.

ఇక మీ అసలు ప్రశ్న. సొంత ప్లాంటు లేకుండా బ్రాండు పెట్టడం తప్పేం కాదు. అమెరికాలో శామ్యూల్ ఆడమ్స్ పెట్టిన జిమ్ కోచ్ 1984లో మొదలుపెట్టింది పిట్స్‌బర్గ్‌లో వేరేవాళ్ల బ్రూవరీలోనే. నిలదొక్కుకున్నాక సొంత బ్రూవరీలు కొన్నాడు. మన దగ్గర బీరా 91 కూడా 2015లో బెల్జియంలో చేయించి తెచ్చి మొదలుపెట్టింది. దారి ఉంది. గుంతలు ఎక్కడున్నాయో చెబుతాను.

మొదటి గుంత సైజు. మీరు "ముందు ఒక వెయ్యి కేసులు చేయించి చూద్దాం" అని రాశారు. పెద్ద బ్రూవరీలో వెయ్యి కేసులు అనే కొలత లేదు. కొలత ట్యాంకు. మా దగ్గర మామూలు ఫర్మెంటర్, అంటే బీరు పులిసే ట్యాంకు, 600 హెక్టోలీటర్లు, అంటే 60,000 లీటర్లు. 650 మిల్లీలీటర్ల సీసాలు పన్నెండు ఉన్న కేసు 7.8 లీటర్లు. భాగిస్తే 7,692 కేసులు, 92 వేల సీసాల పైమాట. ఫిల్టర్‌లో, లైనులో పోయేది తీసేసినా 90 వేలకు దగ్గర. సగం ట్యాంకు నింపి మిగతాది ఖాళీగా ఉంచమంటే ఎవడూ ఒప్పుకోడు, ఒప్పుకున్నా మొత్తం ట్యాంకు డబ్బు తీసుకుంటాడు. ఎవరూ పేరు వినని బీరు 90 వేల సీసాలు, లేబుల్ మీద వేసే ఆర్నెల్ల గడువులోపల, బెజవాడ గుంటూరుల్లో ఎన్ని షాపులవాళ్లు ఫ్రిజ్‌లో ముందు వరసలో పెడితే కదులుతాయో మీరే లెక్క వేసుకోండి. షాపు మీ చేతిలో ఉంది కాబట్టి నాకంటే మీకే బాగా తెలుసు. ఇక్కడే చాలామంది ఆగిపోవడం మంచిది.

రెండో గుంత రోజులు. ఇది కొంచెం వివరంగా చెప్పాలి, నా చేతి మీదుగా జరిగింది కాబట్టి.

ఒక ఏప్రిల్. మా ప్లాంటులో వేరేవాళ్ల బ్రాండు ఒకటి కాంట్రాక్టు మీద చేసేవాళ్లం. వాళ్ల బీరు 14వ నంబరు ట్యాంకులో పదో రోజు. రాత్రి పదకొండింటికి పైనుంచి ఫోను: సొంత బ్రాండు వోర్ట్ (ఇంకా పులియని మాల్ట్ రసం) దించడానికి ట్యాంకు లేదు, పద్నాలుగు రేపు ఫిల్టర్‌కు పెట్టెయ్. సమ్మర్‌లో ప్రతి బ్రూవరీలోనూ ఈ ఫోను వస్తుంది. నేను రెండు ఫ్లాస్కుల్లో శాంపిల్ పట్టాను. ఒకటి చల్లగానే ఉంచాను. రెండోది అరవై డిగ్రీల నీళ్లలో ఒక గంట కూర్చోబెట్టి, మళ్లీ చల్లార్చి రెండూ వాసన చూశాను. చల్లనిది శుభ్రంగా ఉంది. వేడి చేసినది మూత తీయగానే సినిమా హాలు పాప్‌కార్న్ వెన్న వాసన. దాని పేరు డయాసిటైల్. ఈస్ట్ పులియబెట్టేటప్పుడు దాని మూలపదార్థం వదులుతుంది, అది మెల్లగా డయాసిటైల్‌గా మారుతుంది, ఇంకో రెండు మూడు రోజులు ఆగితే ఈస్టే దాన్ని మళ్లీ తినేసి శుభ్రం చేస్తుంది. ఆగకుండా ఫిల్టర్ చేస్తే ఈస్ట్ పోతుంది, మూలపదార్థం ఉండిపోతుంది. ఆ రోజు నాలుక మీద ఏమీ తెలియదు. మూడు వారాల తర్వాత ఏదో ఊళ్లో వేడి గోడౌన్‌లో సీసా లోపల వెన్న కాగుతుంది.

ఇంకో రెండు రోజులు కావాలని రాశాను. పొద్దున మీటింగులో ఒప్పందం కాగితం తీశారు. 'సరిపడినన్ని రోజులు' అని రాసుంది, అంకె లేదు. బ్రాండువాళ్ల మనిషి ప్లాంటులో లేడు, ఉండాలని ఒప్పందంలోనూ లేదు. ఫిల్టర్ పెట్టారు. ఫిర్యాదులు నెలలోపే వచ్చాయి, బ్రాండు యజమాని బెంగళూరు నుంచి విమానంలో వచ్చి సీసా నా ముందు పెట్టి వాసన చూడమన్నాడు. ఏం చెప్పను, నాకు ముందే తెలుసు. ఆ బ్యాచ్ షీట్ మీద నా సంతకం కూడా ఉంది. ఆయన బ్రాండు రెండో వేసవి చూడలేదు.

అందుకని మీ ఒప్పందంలో రోజులు అంకెల్లో రాయించండి. ఇంకా మంచిది, రోజులు కాకుండా పరీక్ష రాయించండి: డయాసిటైల్ ఇంత కంటే తక్కువ అయ్యేదాకా, వేడి శాంపిల్ శుభ్రంగా వచ్చేదాకా, మీ మనిషి సంతకం పెట్టేదాకా ఫిల్టర్‌కు పోకూడదు అని. బ్రూవరీ దీనికి గింజుకుంటుంది. గింజుకోకపోతే అనుమానించండి, వాళ్లు ఆ క్లాజు చదవలేదన్నమాట.

మూడో గుంత కాగితం, ఇది బీరు కంటే త్వరగా చెడిపోతుంది. బీరు ఏ రాష్ట్రంలో అమ్మాలన్నా అక్కడ లేబుల్ రిజిస్టరు కావాలి. లేబుల్ మీద ఎవరు చేశారు, ఎక్కడ చేశారు, ఎవరి బ్రాండు అన్నవి ఉంటాయి. వాటిలో ఒక్క మాట మారినా పాత రిజిస్ట్రేషన్ చెల్లదు. బీరాకు జరిగింది ఇదే. ఐపీఓకు వెళ్లే ఉద్దేశంతో కంపెనీ పేరులోంచి 'ప్రైవేట్' అనే ఒక్క మాట తీసేశారు. బీరు అదే, ప్లాంట్లు అవే. కానీ రాష్ట్రాల దృష్టిలో అది కొత్త కంపెనీ, లేబుళ్లన్నీ మళ్లీ రిజిస్టరు చేయించుకోవాల్సి వచ్చింది. కొన్ని నెలలు చాలాచోట్ల అమ్మకం ఆగింది, పాత పేరుతో అచ్చయిన 80 కోట్ల సరుకు దండగైంది. 2023-24లో 638 కోట్ల అమ్మకం మీద 748 కోట్ల నష్టం చూపించారు. నష్టానికి వేరే కారణాలూ ఉన్నాయి, కానీ ఆ ఒక్క మాట కొట్టిన దెబ్బ పెద్దదే. మీరు ఒప్పుకుంటున్న బ్రూవరీ అమ్ముడుపోతే మారేది ఒక్క మాట కాదు, మొత్తం అడ్రసు లైను.

ఇక్కడ మీరు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: అమ్మేది షేర్లా, ప్లాంటా? షేర్లు అమ్మితే కంపెనీ అదే, లైసెన్సు అదే, మీ ఒప్పందం కాగితం మీద బతికే ఉంటుంది. కాకపోతే కొత్త యజమానికి తన బ్రాండ్లు ఉంటాయి, ట్యాంకులన్నీ తనకే కావాలనిపిస్తుంది, మీకు ఏప్రిల్‌లో ఫోను వస్తుంది. ప్లాంటు మాత్రమే అమ్మితే ఇంకా ఇబ్బంది. లైసెన్సు కొత్త పేరుకు మారాలి, మీ ఒప్పందం పాత కంపెనీతోనే ఉండిపోతుంది, ఖాళీ షెడ్డుతో ఒప్పందం చేసుకున్నట్టు. రెండింటికీ ముందే మందు రాయించండి. యజమాన్యం మారితే ఇన్ని నెలల ముందు నోటీసు ఇవ్వాలి, కొన్నవాడు ఈ ఒప్పందానికి కట్టుబడాలి, కట్టుబడకపోతే మీ లేబుళ్లు, సీసాలు, ట్యాంకులో ఉన్న బీరు, కొత్త రిజిస్ట్రేషన్ ఖర్చు ఎవరి నెత్తిన అన్నది పేరా పేరాగా ఉండాలి.

కాగితం ఎంత గట్టిగా ఉన్నా గొడవ రాదని కాదు. అమెరికాలో పాబ్స్ట్ పేరు విన్నారో లేదో. 19వ శతాబ్దంలో మిల్వాకీలో పుట్టిన కంపెనీ. 1996లో మిల్వాకీ బ్రూవరీ మూసేసి, తర్వాత మొత్తం బీరును మిల్లర్ దగ్గర కాంట్రాక్టు మీద చేయించుకోవడం మొదలుపెట్టింది. అంటే పోటీదారుడి వంటింట్లో మన వంట. ఒప్పందం పొడిగించే దగ్గర, అప్పటికి కూర్స్‌తో కలిసి మిల్లర్‌కూర్స్ అయిన మిల్లర్ "మా దగ్గర ఖాళీ లేదు" అంది. పాబ్స్ట్ 2016లో కోర్టుకెళ్లి, ఖాళీ ఉంది, మమ్మల్ని ముంచడానికే అబద్ధం చెబుతున్నారు అంది. 2018 నవంబరులో జ్యూరీ లోపల చర్చిస్తుండగా రాజీ పడ్డారు. అంతకాలం ఒక పెద్ద కంపెనీ పీక మీద కత్తి పెట్టుకుని బతికింది. వాళ్లకు లాయర్లకు డబ్బుంది. మీకు?

డబ్బు దగ్గర ఇంకో విషయం. మన రాష్ట్రంలో హోల్‌సేల్ మొత్తం బెవరేజెస్ కార్పొరేషన్‌దే. సరుకు డిపోకు పోతుంది, అక్కడినుంచి మీలాంటి షాపులకు. కార్పొరేషన్ డబ్బు ఇచ్చేది సప్లయర్‌గా నమోదైన కంపెనీకి, టై-అప్‌లో అది మామూలుగా బ్రూవరీ. మీ బ్రాండు అమ్మిన డబ్బు ముందు వాళ్ల ఖాతాలో పడి, కన్వర్షన్ చార్జి (బీరు చేసిచ్చినందుకు కూలి) మినహాయించుకుని మీకు రావాలి. అమ్మకానికి ఉన్న బ్రూవరీకి అప్పులుంటాయి, బ్యాంకు కన్ను ఆ ఖాతా మీదే ఉంటుంది. మీ డబ్బుకు వేరే ఎస్క్రో ఖాతా, అంటే ఒప్పందం షరతుల ప్రకారం తప్ప ఎవరూ కదపలేని ఖాతా, పెట్టించండి, దీని మీద మొహమాటం వద్దు. కార్పొరేషన్ చెల్లింపు ఆలస్యమైతే ఎలా తట్టుకోవాలన్నదీ ఆలోచించుకోండి. 2025 జనవరిలో పక్క రాష్ట్రంలో బకాయిలు, ధరలు తేలలేదని యునైటెడ్ బ్రూవరీస్ అంతటిది కొన్నాళ్లు సప్లయి ఆపేసింది. వాళ్లు ఆపితే పేపర్లో వార్త. మీరు ఆపితే మీ షాపు పక్కవాడికి కూడా తెలియదు.

జీఎస్టీ మర్చిపోకండి. బీరు మీద జీఎస్టీ లేదు, వ్యాటే. కానీ బ్రూవరీ మీ దగ్గర తీసుకునే కన్వర్షన్ చార్జి మీద 18 శాతం జీఎస్టీ ఉంది, 2021లో కౌన్సిల్ తేల్చేసింది. బీరు మీద జీఎస్టీ లేదు కాబట్టి ఆ 18 శాతం ఎక్కడా సర్దుకోలేరు. కేసుకు వంద మాట్లాడుకుంటే నూట పద్దెనిమిది అని రాసుకోండి.

సీసాలు, ఈస్ట్, ట్రేడ్‌మార్క్ గురించి తొందరగా చెప్పేస్తాను. పాత సీసాలు చవక, కానీ పెద్ద కంపెనీల సీసాల భుజం మీద వాళ్ల పేరు పోతపోసి ఉంటుంది, అవి వాడితే కేసు అవుతుంది. పాత సీసాల గోడౌన్‌లో పేరు లేని బ్రౌన్ సీసాలు ఏరించుకోవాలి, లేదా కొత్తవి కొనాలి. మొదటి ట్యాంకుకు కొత్తవే నయం. ఈస్ట్ బ్రూవరీది వాడితే రుచి బ్రూవరీతోనే ఉండిపోతుంది, రేపు వేరే ప్లాంటుకు పోతే మీ బీరు మీ బీరులా ఉండదు. మార్కెట్లో దొరికే డ్రై లాగర్ ఈస్ట్ ఒకటి ఎంచుకుని దాని మీదే రెసిపీ కట్టుకోండి, ఎక్కడికైనా మోసుకుపోవచ్చు. ట్రేడ్‌మార్క్ బీరుకు 32వ క్లాసులో, మీ పేరు మీద, ఒప్పందం సంతకానికి ముందే దరఖాస్తు చేయండి. "మేం చేయించేస్తాం సార్" అని బ్రూవరీ అంటే నవ్వి వద్దనండి. పేరు ఒక్కటే మీ ఆస్తి, అది కూడా వాళ్ల పేరు మీద పెడతారా?

మరి దిగాలా వద్దా. ఈ బ్రూవరీతో ఈ ఏడాది వద్దు. అమ్మకం తేలనివ్వండి. కొన్నవాడికి సొంత బ్రాండ్లు లేకపోతే, ఉట్టి ప్లాంటు వ్యాపారమే అయితే, మీకు అతని అవసరం కంటే అతనికి మీ అవసరమే ఎక్కువ, అప్పుడు బేరం మీ చేతిలో ఉంటుంది. పెద్ద బీరు కంపెనీ కొంటే ఆ గేటు మర్చిపోండి. ఈలోపు ట్రేడ్‌మార్క్ పని, రెసిపీ పని చేసుకోండి. వేరే బ్రూవరీని అడగాలన్నా ఏప్రిల్‌లో అడగొద్దు, పలకను కూడా పలకరు. వానలు పడి అమ్మకాలు తగ్గాక, సెప్టెంబరు అక్టోబరుల్లో వెళ్లండి. ట్యాంకులు ఖాళీగా మోగుతుంటాయి, కాఫీ ఇచ్చి కూర్చోబెడతారు. ఆ నెలల్లో ఒప్పుకున్న షరతులే వేసవిలో మీ ప్రాణం.

ఒక చిన్న విషయం చివర్లో, చిన్నదని వదలకండి. మీ తరఫున ప్లాంటులో ఉండే మనిషికి గేటు పాసు, రాత్రి షిఫ్టులో ఫర్మెంటేషన్ సెక్షన్‌లోకి వెళ్లే అనుమతి, ల్యాబ్‌లో శాంపిల్ పట్టుకునే హక్కు, మూడూ ఒప్పందంలో పేరుపేరునా రాయించండి. అవి లేకపోతే ఆయన సెక్యూరిటీ వాళ్లతో గేటు దగ్గర టీ తాగి తిరిగొస్తాడు. మా గేటు దగ్గర అలా తిరిగెళ్లిన వాళ్లను నేను ల్యాబ్ కిటికీలోంచి చాలామందిని చూశాను.